వేళ చెప్పి పిలవడం: ఆన్‌లైన్ అపాయింట్‌మెంటు పేజీ ఎలా ఉండాలి



కక్షిదారు కానీ, రోగి కానీ, ప్లాటు కొన్న వ్యక్తి కానీ, సేవ కోరి వచ్చే మనిషి తాను రావలసిన రోజును, వేళను ఇంటి నుంచే ఎంచుకొని ఖాయం చేసుకొనే వీలు కల్పించే వెబ్‌పేజీని ఆన్‌లైన్ అపాయింట్‌మెంటు పేజీ అంటారు. ఆ పేజీలో చూపే ఒక్కొక్క సమయభాగానికి స్లాట్ అనే పేరు తెలుగు వాడుకలో స్థిరపడిపోయింది. పైకి ఇది కంప్యూటరుకు సంబంధించిన విషయంగా కనిపించినా, వాస్తవానికి సేవ చేసే వ్యక్తి సేవ పొందే వ్యక్తికి ఇచ్చే మాట ఇది. ఆ మాట నిలబడాలంటే రెండు షరతులు తీరాలి: ఏ పనికి ఎంతసేపు పడుతుందో ఉన్నదున్నట్టు లెక్కకట్టి స్లాట్లు పెట్టాలి, పేజీ తెరవలేని వారికి మరో తలుపు తెరిచి ఉంచాలి. ఈ రెండూ లేని పేజీ ఎంత అందంగా ఉన్నా, వరుసను గుమ్మం ముందు నుంచి ఫోను తెర మీదకు మార్చడం తప్ప వేరే ప్రయోజనం నెరవేర్చదు.

ఈ విషయాన్ని పరిశీలించడానికి రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం తగిన చోటు. హైదరాబాదు నుంచి నాగార్జునసాగర్ వెళ్లే రహదారి మీద, పెద్ద చెరువు ఒడ్డున పెరిగిన ఈ పట్టణం ఒకప్పుడు చుట్టుపక్కల పల్లెల వ్యవసాయానికి కూడలి. ఔటర్ రింగు రోడ్డు బొంగుళూరు మీదుగా రావడం, ఆదిబట్లలో సాఫ్ట్‌వేర్ కార్యాలయాలూ విమాన విడిభాగాల కర్మాగారాలూ వెలియడం, 2022 ఆగస్టులో కొంగరకలాన్‌లో జిల్లా సమీకృత కలెక్టరేట్ ప్రారంభం కావడం వంటి పరిణామాలతో ఇక్కడి భూమికి గిరాకీ పెరిగి, క్రయవిక్రయాలు ముమ్మరమయ్యాయి. ఫలితంగా తహసీల్దారు కార్యాలయంలోనూ, సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలోనూ స్లాట్ అనే మాట రైతు మొదలు రియల్టర్ దాకా అందరి నోటా వినిపించే మాటైంది. ఎకరాల్లోనూ గుంటల్లోనూ లెక్కించే సాగుభూమి అయితే తహసీల్దారు దగ్గరకు, గజాల్లో లెక్కించే ప్లాటో ఇల్లో అయితే సబ్‌రిజిస్ట్రారు దగ్గరకు వెళ్లాలి. రెండు చోట్లా సాధారణంగా ముందుగా వేళ ఖాయం చేసుకోవాలి.

వేళకు, దస్తావేజుకు ఉన్న సంబంధం కొత్తది కాదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 52వ సెక్షను ప్రకారం, దస్తావేజును ఏ రోజున, ఏ గంటకు, ఏ స్థలంలో దాఖలు చేశారో దాని మీదనే రాయాలి; 23వ సెక్షను ప్రకారం, రాసి సంతకాలు చేసిన నాటి నుంచి సాధారణంగా నాలుగు నెలల లోపల దాన్ని దాఖలు చేయాలి. అంటే ఈ చట్టంలో కాలం మొదటి నుంచీ లెక్కలోకి వస్తూనే ఉంది. అయితే పార్టీలు వచ్చిన తర్వాత గంటను నమోదు చేయడం ఆనాటి పద్ధతి కాగా, వారు రాకముందే గంటను నిర్ణయించడం స్లాట్ పద్ధతి తెచ్చిన మార్పు. పాత పద్ధతిలో ఎదురుచూపు భారమంతా ప్రజల మీద పడేది. కొత్త పద్ధతిలో ఆ భారంలో కొంత కార్యాలయం మీదకు మారింది, ఎందుకంటే ఒకసారి వేళ చెప్పి పిలిచాక ఆ వేళకు మనిషిని, యంత్రాన్ని సిద్ధంగా ఉంచడం కార్యాలయం బాధ్యత అవుతుంది.

ఈ మార్పు ఒక్కరోజులో రాలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998 నవంబరులో ప్రారంభమైన కార్డ్ అనే కంప్యూటరీకరణ పథకం చేతిరాత నకళ్ల స్థానంలో కంప్యూటరు నమోదును తెచ్చింది; ఈసీలు, అంటే ఒక ఆస్తి మీద గతంలో జరిగిన లావాదేవీలను తెలిపే ధ్రువపత్రాలు, త్వరగా చేతికి అందే మార్గం దానివల్లనే ఏర్పడింది. తెలంగాణలో 2020 అక్టోబరు 29న భూమి రికార్డుల కోసం ధరణి పోర్టల్ ప్రారంభమై, నవంబరు 2 నుంచి సాగుభూముల రిజిస్ట్రేషను తహసీల్దార్ల చేతికి వచ్చినప్పుడు, ముందుగా స్లాట్ తీసుకోవడం తప్పనిసరి అయింది. ధరణి స్థానంలో భూభారతి 2025 ఏప్రిల్ 14న ప్రారంభమైంది. దానికి నాలుగు రోజుల ముందు, అంటే ఏప్రిల్ 10న, ఇళ్లు, ప్లాట్లు రిజిస్టరయ్యే సబ్‌రిజిస్ట్రారు కార్యాలయాల్లో 22 చోట్ల స్లాట్ విధానాన్ని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టి, తర్వాత దశలవారీగా విస్తరించారు.

ఆ ప్రయోగంలో ఒక కార్యాలయపు రోజును 48 స్లాట్లుగా విభజించారు. ఈ సంఖ్య వెనుక ఉన్న లెక్కను దగ్గరగా చూస్తే, పేజీ తయారుచేసే ఎవరికైనా పనికివచ్చే సూత్రం బయటపడుతుంది. రోజుకు ఆరు గంటల అసలు పని జరుగుతుందనుకుంటే గంటకు ఎనిమిది దస్తావేజులు, అంటే ఏడున్నర నిమిషాలకు ఒకటి చొప్పున లోపలికి రావాలి. ఒక్కో దస్తావేజుకు అమ్మేవారు, కొనేవారు, ఇద్దరు సాక్షులు కలిపి తక్కువలో తక్కువ నలుగురు వస్తారు. వేళ చెప్పకపోతే తలుపు తీసేసరికే 48 దస్తావేజుల తాలూకు 192 మంది గుమిగూడే అవకాశం ఉంది. వేళ చెప్పి పిలిస్తే, ఒక్కో బృందం ఫోటో, వేలిముద్రలు, పత్రాల పరిశీలన అన్నీ కలిపి కార్యాలయం లోపల అరగంట గడిపినా, సగటున నాలుగు బృందాలు, అంటే పదహారు మంది మాత్రమే అక్కడ ఉంటారు. ఒక చోటికి ఎంత వేగంగా జనం వస్తారో, ఒక్కొక్కరు ఎంతసేపు ఉంటారో తెలిస్తే సగటున లోపల ఎంతమంది ఉంటారో ఆ రెండింటి గుణకారంతో తేలుతుందనే ఈ నియమానికి 1961లో రుజువు చూపిన జాన్ లిటిల్ పేరే స్థిరపడింది. ఎన్ని కుర్చీలు వేయాలి, ఎన్ని కౌంటర్లు నడపాలి అన్న ప్రశ్నలకు ఊహతో కాక లెక్కతో జవాబు చెప్పే సాధనం ఇది.

అయితే సగటు లెక్క ఒక్కటే చాలదు, ఎందుకంటే పనులన్నీ సమానంగా సాగవు. లింకు డాక్యుమెంట్లన్నీ, అంటే ఆస్తి గత యాజమాన్యాన్ని చూపే పాత దస్తావేజులన్నీ, సరిగ్గా ఉన్న ఒక ప్లాటు అమ్మకం కొద్ది నిమిషాల్లో పూర్తవుతుంది. నలుగురు అన్నదమ్ములు, ఇద్దరు ఆడపడుచులు సంతకాలు పెట్టవలసిన భాగపంపకం పత్రానికి, వృద్ధుల అరిగిపోయిన వేలిముద్రలను యంత్రం పదేపదే తిరస్కరించే సందర్భానికి అంతకు ఎన్నో రెట్ల సమయం పడుతుంది. ఆసుపత్రుల ఓపీ విభాగాల్లో ఇదే చిక్కును పరిశీలించిన బ్రిటిష్ గణాంకవేత్త నార్మన్ బెయిలీ 1952లో ఒక సరళమైన ఏర్పాటును సూచించాడు: తలుపు తీసే వేళకు ఇద్దరిని రమ్మని, మిగిలినవారిని సగటు పరీక్షా సమయమంత ఎడంతో ఒక్కొక్కరినీ పిలవాలి. మొదటివారు ఆలస్యమైనా వైద్యుడి సమయం వృథా కాకుండా, రోగుల ఎదురుచూపు కూడా మితిమీరకుండా ఈ ఏర్పాటు కాపాడుతుంది. వైద్యుడి సమయాన్ని ఒక్క నిమిషమైనా పోనివ్వకూడదని పట్టుబడితే రోగులు గంటలకొద్దీ కూర్చోవలసి వస్తుందని, రోగి ఒక్క నిమిషమైనా ఆగకూడదని పట్టుబడితే వైద్యుడు ఖాళీగా ఉండవలసి వస్తుందని ఆ అధ్యయనం తేల్చింది. ఈ రెండింటి మధ్య ఎక్కడ నిలవాలో నిర్ణయించడమే స్లాట్ పేజీ తయారీలో అసలైన పని. అది కంప్యూటరు నిపుణుడు కాక, సేవ చేసే మనిషే తీసుకోవలసిన నిర్ణయం.

తెలుగునాట ఈ లెక్కకు మరో అంశాన్ని కలపాలి. ఇల్లో పొలమో తన పేరిట రాయించుకొనే వ్యక్తి తిథివారాలు చూసుకొనే ఆచారం బలంగా ఉంది. వాడుకలో ఉన్న లెక్క ప్రకారం రాహుకాలం శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా, గురువారం ఒకటిన్నర నుంచి మూడు దాకా, బుధవారం పన్నెండు నుంచి ఒకటిన్నర దాకా ఉండగా, సోమవారం అది కార్యాలయం తెరవకముందే ముగిసిపోతుంది. అమావాస్య నాడు, ఆషాఢంలో స్లాట్లు మిగిలిపోవడం, శ్రావణంలో మంచి రోజున పోటీ ఏర్పడడం ఈ ఆచారం ఫలితమే. దాన్ని మెచ్చుకోవడం, కాదనడం పేజీ తయారుచేసేవారి పని కాదు. గిరాకీ ఏ రోజు, ఏ వేళకు పెరుగుతుందో ముందే గుర్తించి ఆ రోజు సిబ్బందిని పెంచడం, మిగిలిన రోజుల్లో సెలవులు సర్దుకోవడం వారి పని.

ప్రభుత్వ కార్యాలయాల అనుభవం ఇబ్రహీంపట్నంలోని ప్రైవేటు వృత్తులవారికీ పాఠమే. డాక్యుమెంట్ రైటరు, న్యాయవాది, లైసెన్సు ఉన్న సర్వేయరు, పన్నుల సలహాదారు, దంతవైద్యుడు మొదలైనవారు సాగర్ రోడ్డు వెంట నడిపే చిన్న కార్యాలయాలకు కూడా ఇలాంటి పేజీ ఏర్పాటు చేసుకోవడం ఇప్పుడు ఖర్చుతో కూడిన పనేమీ కాదు. గూగుల్ క్యాలెండర్‌లో అపాయింట్‌మెంటు పేజీ తయారుచేసుకొనే సౌకర్యం ఉంది. 2013లో అమెరికాలో మొదలైన కాలెండ్లీ, తమిళనాడులో వేళ్లూనిన జోహో సంస్థ వారి బుకింగ్స్ కూడా ఇదే పని చేస్తాయి. కానీ సాధనాన్ని ఎంచుకొనే ముందు కాగితం మీద చేయవలసిన పని ఒకటి ఉంది: కార్యాలయంలో జరిగే పనులన్నిటి జాబితా రాసి, రెండు వారాల పాటు ప్రతి పనికీ నిజంగా పట్టిన సమయాన్ని గడియారం చూసి నమోదు చేయాలి. సేల్ డీడ్ ముసాయిదాకు ఎంత, గిఫ్ట్ డీడ్‌కు ఎంత, ఈసీ చూసి సలహా చెప్పడానికి ఎంత అన్నది ఈ నమోదుతో తేలుతుంది. జ్ఞాపకం మీద ఆధారపడి వేసే అంచనా సాధారణంగా అసలు సమయం కంటే తక్కువగా ఉంటుంది కనుక, ఈ మెట్టును దాటవేసిన పేజీ మొదటి వారంలోనే మాట తప్పుతుంది.

తర్వాతి మెట్టు క్యాలెండరు. కార్యాలయానికి ఒకే క్యాలెండరు ఉండాలి; ఫోనులో వచ్చినవారిని డైరీలోను, పేజీ ద్వారా వచ్చినవారిని కంప్యూటరులోను రాసుకొంటే ఒకే వేళకు ఇద్దరికి మాట ఇచ్చే ప్రమాదం తప్పదు. ఇద్దరు ఒకే స్లాట్‌ను ఒకే క్షణంలో నొక్కినప్పుడు మొదట అందిన దానికి ఆ స్లాట్‌ను కట్టబెట్టి, రెండోవారికి వెంటనే వేరే వేళ చూపడాన్ని సాంకేతిక పరిభాషలో లాకింగ్ అంటారు. ఎంచుకొనే సాధనంలో ఇది ఉందో లేదో మొదటనే పరీక్షించాలి. రెండు పనుల మధ్య పది నిమిషాల ఎడం, భోజనవేళ, న్యాయవాది అయితే కోర్టు వాయిదా రోజులు, స్థానిక సెలవులు క్యాలెండరులో ముందే మూసివేయాలి. రోజులో ఒకటి రెండు స్లాట్లను అత్యవసరాల కోసం ఎవరికీ చూపకుండా అట్టిపెట్టుకోవడం వల్ల, ఒక పని ఆలస్యమైనా ఆ ఆలస్యం సాయంత్రం దాకా పాకిపోకుండా మధ్యలోనే ఆగుతుంది.

పేజీలో ఏమేమి అడగాలన్న ప్రశ్న వివేకానికి పరీక్ష. పేరు, ఫోను నంబరు, పని రకం, వచ్చేవారి సంఖ్య, ఈ నాలుగూ చాలు. ఆధార్ సంఖ్య, పాసుపుస్తకం నకలు, జబ్బు వివరాలు మొదటి తెరపైనే అడగడం అనవసరమే కాక ప్రమాదకరం కూడా. 2020 డిసెంబరులో వ్యవసాయేతర ఆస్తుల రిజిస్ట్రేషన్లకు ఆధార్ వివరాల కోసం పట్టుబట్టడాన్ని తెలంగాణ హైకోర్టు అడ్డుకోవడం, ఆ తర్వాత ప్రభుత్వం పాత పద్ధతికే మళ్లడం ఈ విషయంలో గుర్తుంచుకోదగిన సంఘటనలు. పార్లమెంటు 2023లో ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా, చెప్పిన ప్రయోజనానికి కావలసినంత సమాచారమే సమ్మతితో తీసుకోవాలన్న సూత్రం మీద నిలిచి ఉంది. ఈ సూత్రాన్ని పాటించే కార్యాలయం చట్టాన్ని గౌరవించడమే కాక, వచ్చేవారి నమ్మకాన్ని కూడా సంపాదించుకొంటుంది.

స్లాట్ ఖాయమైన వెంటనే ఒక సందేశం, ముందురోజు సాయంత్రం మరొక సందేశం వెళ్లాలి. ఆ సందేశంలో తేదీ, వారం, వేళతో పాటు వెంట తేవలసిన కాగితాల జాబితా ఉండడం మన ప్రాంతంలో అత్యవసరం. చలానా రసీదో, లింకు డాక్యుమెంటు అసలు ప్రతో ఇంట్లో మరిచిపోయి వచ్చిన బృందం తన స్లాట్‌ను పోగొట్టుకోవడమే కాక తర్వాతివారి స్లాట్‌కూ అడ్డుపడుతుంది. వ్యాపార సంస్థలు మొబైల్ సందేశాలు పంపాలంటే టెలికాం నియంత్రణ సంస్థ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం పంపేవారి పేరును, సందేశపు నమూనాను డీఎల్‌టీ అనే వేదికలో ముందుగా నమోదు చేయించుకోవాలి. రాలేని వ్యక్తి ఒక్క నొక్కుతో స్లాట్‌ను రద్దు చేసుకొనే వీలు సందేశంలోనే ఉండాలి, ఎందుకంటే రద్దు చేయడం కష్టమైన చోట మనుషులు చెప్పకుండా మానేస్తారు, ఆ ఖాళీ ఎవరికీ ఉపయోగపడకుండా పోతుంది. యూపీఐ ద్వారా కొంత మొత్తం ముందుగా తీసుకొనే పక్షంలో, ఎన్ని గంటల ముందు రద్దు చేస్తే పూర్తి సొమ్ము తిరిగి వస్తుందో పేజీ మీదనే స్పష్టంగా రాయాలి. సొమ్ము తీసుకొనే బటన్ పెద్దదిగా, తిరిగి ఇచ్చే నియమం చిన్నదిగా ఉన్న పేజీ వృత్తి గౌరవాన్ని తగ్గిస్తుంది.

ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఆస్తులున్నవారిలో విదేశాల్లో స్థిరపడినవారూ ఉన్నారు కనుక కాలమండలాల చిక్కు తప్పదు. ఇబ్రహీంపట్నంలో ఉదయం పది గంటలైనప్పుడు అమెరికాలోని డాలస్‌లో వేసవిలో ముందురోజు రాత్రి పదకొండున్నర, చలికాలంలో పదిన్నర అవుతుంది. అక్కడ మార్చిలోను నవంబరులోను గడియారాలను మార్చుతారు, ఇక్కడ మార్చరు. కాబట్టి పేజీ చూసేవారి స్థానిక వేళను, భారతీయ కాలమానాన్ని పక్కపక్కన చూపడం మేలు. ఇక్కడి ఆస్తి విషయమై అక్కడి నుంచి పంపే అధికారపత్రానికి, అది భారతదేశం చేరిన మూడు నెలల లోపు స్టాంపు వేయించాలన్న నియమం స్టాంపు చట్టం 18వ సెక్షనులో ఉంది. ఇలాంటి గడువును పేజీలోనే గుర్తుచేయగలిగితే ఒక్క వాక్యంతో పెద్ద నష్టాన్ని నివారించినట్టవుతుంది.

ఇక రెండో షరతు, అంటే పేజీ తెరవలేనివారికి ఉండవలసిన తలుపు. మంచాల నుంచో, యాచారం నుంచో బస్సెక్కి వచ్చే వృద్ధ రైతు చేతిలో స్మార్ట్‌ఫోను లేకపోవచ్చు. ఉన్నా ఓటీపీ వెళ్లే నంబరు పట్నంలో ఉన్న కొడుకుది కావచ్చు. ఆయన స్లాట్ కోసం మధ్యవర్తికి డబ్బు చెల్లించవలసి వస్తే, సౌకర్యం కోసం పెట్టిన పద్ధతే కొత్త భారంగా మారినట్టు లెక్క. 2025 నాటి ప్రయోగంలో అత్యవసరమైనవారికి సాయంత్రం 5 నుంచి 6 గంటల మధ్య స్లాట్ లేకుండానే ఐదు దస్తావేజుల దాకా స్వీకరించే ఏర్పాటు ఉంచడం ఈ కారణంగా సరైన ఆలోచన. 1908 నాటి చట్టం అంతకంటే ముందుకు వెళ్లి, ప్రత్యేక కారణం ఉన్నప్పుడు అధికారి దస్తావేజు స్వీకరించడానికి మనిషి ఇంటికే వెళ్లవచ్చునని 31వ సెక్షనులో పేర్కొంది. నూరేళ్లు దాటిన ఈ నిబంధనలో ఉన్న మానవత్వం కొత్త సాఫ్ట్‌వేర్‌లోనూ కనిపించాలి: మాట్లాడే మనిషి ఉన్న ఒక ఫోను నంబరు, గుమ్మం దగ్గర పేరు రాసుకొనే ఒక సహాయకుడు, రోజులో కొన్ని నేరు స్లాట్లు ప్రతి కార్యాలయంలోనూ ఉండాలి.

భాష కూడా ఆ తలుపులో భాగమే. పేజీ ముందుగా తెలుగులో తెరుచుకోవాలి. అక్షరాలు చిన్న ఫోను తెర మీద కూడా స్పష్టంగా కనిపించాలి. మధ్యాహ్నం రెండు గంటలు అని రాయగలిగిన చోట పద్నాలుగు గంటలు అని రాయకూడదు. అనువాద యంత్రం ఇచ్చిన వాక్యాలను యథాతథంగా పెట్టకుండా, ఆ పట్టణంలో జనం వాడే మాటలతో ప్రతి వాక్యాన్నీ తిరిగి రాసి, కంప్యూటరు అలవాటు లేని ఇద్దరు ముగ్గురి చేత వాడించి చూసిన తర్వాతే పేజీని అందరికీ తెరవాలి. సర్వర్ డౌన్ అయిన రోజున ఏం చేయాలో కూడా ముందే రాసి ఉంచాలి: స్లాట్ ఉన్న ప్రతి వ్యక్తికీ సందేశం పంపడం, మరుసటి రోజు మొదటి వేళలను వారికే కేటాయించడం, మళ్లీ రుసుము అడగకపోవడం. యంత్రం చెడిపోవడం ఎవరి తప్పూ కాకపోవచ్చు. కానీ రోజు కూలి వదులుకొని వచ్చిన సాక్షిని ఏ సమాధానమూ చెప్పకుండా తిప్పి పంపడం మాత్రం తప్పే.

ఇబ్రహీంపట్నంలో కానీ, మరే పట్టణంలో కానీ ఇటువంటి పేజీ పెట్టదలచిన వైద్యులు, న్యాయవాదులు, డాక్యుమెంట్ రైటర్లు, ప్రభుత్వ కార్యాలయాల బాధ్యులు ముందుగా తమ పనివేళలను నిజాయితీగా కొలుచుకోవాలి, నిలబెట్టుకోగలిగినన్ని స్లాట్లే తెరవాలి, ఫోనులేని మనిషికి కూడా అదే గౌరవంతో వేళ ఇవ్వాలి. సేవ పొందేవారు తమ వంతుగా చెప్పిన వేళకు కాగితాలన్నిటితో రావాలి, రాలేకపోతే ముందురోజే రద్దు చేసి ఆ స్లాట్‌ను మరొకరికి దక్కనివ్వాలి. ఎదుటివారి కాలం తమ కాలమంత విలువైనదని ఉభయులూ ఒప్పుకొని నడుచుకొన్న చోట ఈ పద్ధతి ఫలిస్తుంది; శ్రోతలందరూ తమ తమ చోట్ల దాన్ని ఆ విధంగా అమలు చేయాలని విజ్ఞప్తి.